ముళ్లపంది కథకు ఆమెన్

కొనకనమిట్ల దగ్గరి ఊరి బడిలో పుస్తకాల పండగ. శాంతయ్య ఆ రోజు కూలి మానుకుని, ఆదివారం చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆరో తరగతి చదివే కూతురు రూబీ మైకులో కథ చదవబోతోంది మరి.

శాంతయ్యకు అక్షరం రాదు. అయినా చర్చిలో సంఘ పెద్ద. మందిరంలో బైబిలు వాక్యం చదివేది రూబీయే. చదవడం అయ్యాక పిల్ల "ఆమెన్" అంటుంది, సంఘమంతా "ఆమెన్" అంటుంది. రెండేళ్లుగా ఇదే అలవాటు.

ముళ్లపంది పెళ్లికి పోయిన కథను రూబీ ఎక్కడా తడబడకుండా చదివింది. చివరి మాట కాగానే పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, "ఆమెన్" అంది.

వెనక కూర్చున్న సంఘం ఆడవాళ్లంతా "ఆమెన్" అన్నారు.

బడంతా గొల్లున నవ్వింది.

"ముళ్లపందికి బాప్తిస్మం ఇచ్చినార్రోయ్!" అని అరిచాడు ట్రాక్టరు కృష్ణ. "శాంతయ్య మామా, ఆదివారం దాన్ని మందిరానికి పిలుచుకరా!"

శాంతయ్య ఒక్క ఉదుటున మైకు దగ్గరికి పోయాడు. "దేవుని మాట పందికి పెడతావా?" అంటూ కూతురి చెంప మీద కొట్టాడు. రెండో దెబ్బకు రూబీ పుస్తకాల బల్ల మీద పడింది. పెదవి చీలి నెత్తురు కారింది. ఆయన జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు.

"శాంతయ్యా, వదులు! పిల్ల చచ్చిపోతది!" అంటూ శ్రీదేవి టీచరు చెయ్యి పట్టుకుంది. విదిలించేశాడు.

"రేపట్నుంచి దీనికి బడి లేదు. మిరపకోతకు పోతది!"

భార్య ఎలీషబా పరుగున వచ్చి ఆయన ముంజేతిని కొరికింది. ఆమెనూ మోచేత్తో పొడిచాడు. అప్పుడు ఆయన తల్లి కొండమ్మ కర్ర పారేసి ఎదురుగా నిలబడింది.

"నేను గూడా అన్నాను కదరా ఆమెన్. నన్ను కొట్టు."

"అడ్డం లెయ్ మా."

"కొట్రా సంఘ పెద్దా! పిల్లకైతే చెయ్యి బాగా లేస్తాండాదే?"

నెట్టేశాడు. ఇనప కుర్చీ అంచుకు ముసలామె మణికట్టు తగిలి ఫట్మంది. వంకరపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని కొడుకును చూస్తూ కూర్చుంది. నవ్వేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

కృష్ణే ఆమెను ట్రాక్టరు ఎక్కించి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. పోతూ పోతూ, "నేనేదో ఎగతాళికి అన్న్యా మామా. నువ్వేంది ఇట్ల చేసినావు?" అన్నాడు.

ఇంటికొచ్చి శాంతయ్య మోకరించాడు. ప్రార్థన నోటికి రాలేదు. అక్కడ కోపం వచ్చింది దేవునికేనా? ఆయనకే కోపమొస్తే, పిల్ల ఆయన నామం పలికినందుకు వస్తుందా? లేక తను నలుగురిలో తల ఎత్తుకోలేక, తన సిగ్గునంతా ఆయన మీద వేశాడా?

తెల్లవారి రూబీ యూనిఫాం వేసుకుంది. పెదవి వాచి మాట సరిగా రావడం లేదు. ఎలీషబా రోకలి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆపు చూద్దాం" అంది మొగుడితో.

అరుగు మీదున్న శాంతయ్య లేవలేదు. "పో అమ్మా, బడికి పో" అన్నాడు. పిల్ల భయపడకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

రూబీ బడికి పోయింది. కానీ నాన్న చెయ్యి అందనంత దూరంగా, గోడను ఆనుకుని పోయింది.