నార్మల్ టెన్షన్

మా అమ్మాయి సాయిప్రియ నా జోకులకు మార్కులు వేసేది. "నాన్నా, ఇది పదికి రెండు. ఆ రెండూ ధైర్యానికి" అనేది. అయిదు దాటిన రోజు నేను ఆఫీసు నుంచి వాళ్ళమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు మార్కులు దానికే వేస్తున్నారు. శామీర్‌పేట వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున ఒక పరీక్ష, సాయంత్రం ఒక పరీక్ష, ఈ రెంటి మధ్యలో మాకు పరీక్ష. ఆదివారం పూట హాస్టల్ ఫోన్ నుంచి అయిదు నిమిషాలు మాట్లాడనిస్తారు. అందులో నాలుగు నిమిషాలు నేనే మాట్లాడతాను, అది నా జబ్బు. వేసవి సెలవులు అయినప్పటి నుంచి, మిగిలిన ఆ ఒక్క నిమిషంలో కూడా ఊ, ఆ తప్ప ఏమీ రావడం లేదు. తిన్నావా? ఊ. నిద్ర పడుతోందా? ఆ. "మీ మెస్సులో పెట్టేది నీళ్ళ పప్పా, పప్పు నీళ్ళా?" అంటే పదికి సున్నా కూడా వెయ్యలేదు. సున్నా వేసినా ప్రాణం కుదుటపడేది.

అలాంటి పిల్ల వినాయక నిమజ్జనం అయిన ఆదివారం తనంతట తానే నోరు తెరిచింది.

"నాన్నా, దసరా ముందు ఒక్కరోజు ఇంటికి పంపిస్తారట. నా గిటార్‌కి నాలుగో తీగ తెగింది కదా, సెట్టు మొత్తం మార్చి ఉంచుతావా? నైలాన్‌వి. ఒక్కసారి వాయించుకుని వెళ్తాను."

"ఎందుకుంచనూ! ఇంటి మీద లోను, కారు మీద లోను, అదొక్కటేగా నై లోన్..."

అవతల టైమైపోయింది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ రోజారాణికి చెప్పాను. "వాయించుకుంటానందే!" తను కళ్ళు తుడుచుకుని, నేరం ఉల్లిపాయల మీదికి తోసింది. ఒక్కసారి అది నవ్వుతూ వాయిస్తే చాలు, లోపల ఏముందో పాట వెనకాలే మాటగా బయటికి వస్తుందని ఇద్దరికీ ఆశ. ఒక్కరోజు. ఆ ఒక్కరోజూ గిటార్ పలకాలి.

మర్నాడు తెగిన తీగను, మాడిన బల్బు తీసుకెళ్ళినట్టు సంచిలో వేసుకుని మేడ్చల్‌లో బాలేష్ దుకాణానికి వెళ్ళాను. అంతా భజన సరంజామా. డప్పులు, తాళాలు, హార్మోనియంలు. నిమజ్జనంలో చిరిగిన డోళ్ళు గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి. గిటార్లు వెనక గోడకు, ఎవరో పిలిచినప్పుడు వద్దామన్నట్టు వేలాడుతున్నాయి.

బాలేష్ తీగను వెలుతురులో పెట్టి చూశాడు. "గిది ఇనుప తీగనే గద సార్."

"నైలాన్ అని చెప్పింది మా అమ్మాయి."

"నైలానంటే గాలానికి గడ్తరు సార్, చేపలు పడ్తందుకు. పక్క దుకాణంల దొర్కుతది."

"నాకు చేపలు కాదు బాలేష్, పాటలు పడాలి."

నవ్వలేదు.

"నా మాటిని స్టీలెయ్యుండ్రి. మస్తు సౌండొస్తది. మీ గల్లీ గల్లీ ఇనవడ్తది."

గట్టిగా వినపడేదేదైనా నాకు ఇష్టమే, నేనూ ఆ కులమే. కొనేద్దామనిపించింది. కానీ నైలాన్ అని మా అమ్మాయి స్పష్టంగా చెప్పింది. మరి ఈ తీగ మీద వెండిలాంటి లోహం మెరుస్తోంది. చేతిలో ఫోనుంది, అందులో ఊరందరి నంబర్లూ ఉన్నాయి, అడగాల్సిన ఒక్క మనిషికి మాత్రం ఆదివారం దాకా నంబరు లేదు. గుండ్లపోచంపల్లి తిరిగి వెళ్ళి గిటార్నే తెచ్చాను. ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టాను. దారంతా అది మాట్లాడలేదు. ఈ మధ్య నా కారెక్కేవాళ్ళంతా అంతే.

కింది మూడు తీగలూ అద్దంలా పారదర్శకంగా ఉన్నాయి. పైవి లోహంలా. నేను తెగిన కొనను గోటితో గీరాను. సన్నటి తీగచుట్టు విడిపోయి లోపల్నుంచి తెల్లటి పోగులు, తలనెరిసిన వెంట్రుకల్లా, బయటికొచ్చాయి.

"అరె! లోపట దారమున్నది," అన్నాడు బాలేష్. "పక్కా నైలానే సార్. స్టీలేసి బిగిస్తే గీ చెక్క ముక్క లేసొస్తుండె. బచాయించినం." చెక్క ముక్కంటే తీగలు కట్టే బ్రిడ్జి. ఎవరు ఎవరిని బచాయించారన్నది అడగలేదు.

డ్రాయరు అడుగు నుంచి రెండు ప్యాకెట్లు తీశాడు. ఒకదాని మీద నార్మల్ టెన్షన్, ఇంకోదాని మీద హార్డ్ టెన్షన్.

"ఫరకేంది?" అన్నాను.

వాడి భాష నాకూ అంటుకుంది. "హార్డుదంటే బిర్రుగుంటది సార్. ఏళ్ళకు తాకత్ గావాలె. నార్మల్ జర మెత్తగుంటది. ఏదియ్యాలె?"

రెండు ప్యాకెట్లూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాను. నాకు సంగీతం రాదు. సాయిప్రియ ఇప్పుడెంత గట్టిగా నొక్కగలదో తెలియదు. ఆ వేళ్ళు చూసి ఎన్నాళ్ళయింది!

"ఇంటర్ పిల్ల తండ్రిని బాలేష్. హార్డ్ టెన్షన్ ఇంట్లో స్టాకుంది. నార్మల్ ఇవ్వు."

ఈసారి నవ్వాడు. "మా బిడ్డ గూడ ఇంటరే సార్" అని, ఆ నవ్వును అక్కడే ఆపేశాడు. తర్వాత ప్యాకెట్టు అంచు పట్టుకుని, "ఇటియ్యుండ్రి. పది నిమిషాలల్ల ఎక్కిస్త" అన్నాడు.

"వద్దొద్దు!" గబుక్కున లాక్కున్నాను.

ఎందుకంటే పొద్దున బయల్దేరేటప్పుడే గుమ్మం దగ్గర ఒప్పందం కుదిరింది. మహాలయ పక్షాలు మొదలయ్యాయి, కొత్త వస్తువు వాడకంలోకి తేకూడదంది రోజారాణి. పితృపక్షంలో నేనెప్పుడూ ప్రతిపక్షమే. గట్టిగా వాదించాను. "సరేనండీ, కొనండి, కానీ విప్పకండి. విప్పని వస్తువు కొననట్టే లెక్క. అమావాస్య వెళ్ళాక పాడ్యమి పొద్దున్నే ఎక్కించండి, పిల్ల వచ్చేదీ అవాళే కదా" అంది. ఇంకో వస్తువైతే నేను వాకౌట్ చేసేవాణ్ణి. "పిల్ల విషయమండీ. ఈ ఏడాది ఏ దోషమూ తగలనివ్వను" అంది. సరేనని చెప్పులు వేసుకున్నాను.

బాలేష్‌కి క్లుప్తంగా చెప్పాను. "తీగలకు గూడ పక్షాలుంటయా సార్?" అన్నాడు.

"తీగలకుండవు. తీగలు కట్టేవాడికి పెళ్ళాముంటుంది."

ఆ ప్యాకెట్టు పక్షాలు పూర్తయ్యేదాకా దేవుడి గూట్లో కూర్చుంది, నార్మల్ మీద ఒక కుంకుమ బొట్టు, టెన్షన్ మీద ఒక కుంకుమ బొట్టుతో. అగరొత్తి వెలిగించినప్పుడల్లా మేమిద్దరం దానికీ దణ్ణం పెట్టుకున్నాం.

పాడ్యమి నాడు చీకటుండగానే లేచి పాత తీగలన్నీ కత్తిరించేశాను. రోజారాణి వాటితో బాల్కనీలో కాకరతీగను కట్టుకుంది. వీడియో చూస్తూ, ముడి వేస్తూ, విప్పుతూ, ఫోన్లో శ్రుతి చూపించే యాప్ పచ్చగా వెలిగేదాకా ఆరూ బిగించాను. ఇన్నేళ్ళుగా బీమా ఆఫీసులో జరగబోయే నష్టాల గురించి జనానికి చెప్పి బతుకుతున్నవాణ్ణి. అవాళ మాత్రం ఏ నష్టమూ కనపడలేదు. ఈల వేసుకుంటూ కారు తీశాను.

సాయిప్రియ చిక్కింది. కారెక్కి "బావున్నావా నాన్నా" అని, మేడ్చల్ చేరేలోపే నిద్రపోయింది. ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా గిటార్ అందుకుంది. రోజారాణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మొదటి మీటు దగ్గరే అది తల పక్కకు వంచింది. మరలు తిప్పి సరిచేసుకుంది. రెండు చరణాల దూరం కూడా వెళ్ళలేదు, ఆగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది.

"ఎప్పుడెక్కించావు నాన్నా?"

"ఇవాళ పొద్దున్నే! తాజా సరుకు!"

"ఊ," అంది. తీగ వైపే చూస్తూ, కోపమేమీ లేకుండా చెప్పింది. "కొత్త నైలాన్ సాగుతూనే ఉంటుంది నాన్నా. ఎంత బిగించినా దిగిపోతుంది. నిలబడ్డానికి నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే మార్చి ఉంచమన్నాను."

రోజారాణి నా చెయ్యి వదిలేసి దేవుడి గూటి వైపు చూసింది. అక్కడ ఖాళీ కవరు, రెండు బొట్లతో.

"బెంగపెట్టుకోకమ్మా, శ్రుతి మించడం నా పని, దించడం దాని పని" అన్నాను. మార్కులు పడలేదు.

అప్పుడే ఎదురింటి యాదగిరి గారు సీతాఫలాల బుట్టతో వచ్చారు. మా కాలనీ ఉన్న నేలంతా ఒకప్పుడు ఆయన జొన్నచేను. ఇప్పుడాయన ప్లాట్లు అమ్ముతారు, ఈసారి కౌన్సిలర్‌గా నిలబడతారు. "బిడ్డా, ఎట్లున్నవ్? గట్ల బక్కగైనవేంది? జర ఒక పాట కొట్టరాదు, నేనింట."

అది కాదనలేదు. మొదలుపెట్టింది. నాలుగో తీగ జారింది, వెనకే అయిదోది. అది జారిన తీగను తప్పించుకుంటూ, గుంతలున్న రోడ్డు మీద బండిలా, పక్కకు పక్కకు జరుగుతూ కాసేపు వాయించింది. తర్వాత అరచేయి తీగల మీద వేసి ఆపేసింది.

"మంచిగనే ఉన్నది గద! ఎందుకాపినవ్ తల్లీ?" అన్నారు యాదగిరి గారు.

"తల నొప్పిగా ఉంది అంకుల్," అని లోపలికెళ్ళి పడుకుంది.

ఆయన నా వైపు వంగి గుసగుసగా, "పరేషాన్ల ఉన్నట్టుంది సార్ పోరి. ఏమన్నదా?" అన్నారు. ఆయన గుసగుస మా గేటు దాకా వినిపిస్తుంది. లేదన్నట్టు తలూపాను. "అడుగుండ్రి మరి," అన్నారు. ఏమని అడగాలో ఆయనా చెప్పలేదు. బుట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నమంతా అది నిద్రపోయింది. నేను హాల్లో కూర్చుని, వీడియోలో చెప్పినట్టు ఒక్కో తీగనూ మెల్లగా వేలితో లాగుతూ, బిగిస్తూ, లాగుతూ, నాలుగు రోజుల్ని ఒక పూటలోకి కుదించాలని చూశాను. ఒకటో తీగ ముడి జారి ఫట్టున ఊడొచ్చింది. మళ్ళీ కట్టాను. ఇప్పుడది అన్నిటికంటే కొత్తది. రోజారాణి సీతాఫలం గింజలు తీసి గుజ్జు గిన్నెలో పెట్టుకుని, తలుపు సందులోంచి పిల్లను చూస్తూ నిలబడింది. లేపుదామా అని ఒకసారి, వద్దులే అని ఒకసారి తనలో తనే అనుకుంది.

అది లేచేసరికి బయల్దేరే వేళయింది. సీతాఫలం నాలుగు చెంచాలు తిని, బ్యాగు తీసుకుంది. గిటార్ దగ్గర ఆగి ఒక్కసారి ఆరు తీగల మీదా బొటనవేలితో అలా రాసింది. అప్పుడే బిగించినవి, అప్పుడే దిగాయి.

హాస్టల్ గేటు దగ్గర బ్యాగు తనిఖీకి వరుస ఉంది. ఆ వరుసలో నిలబడి అడిగాను. "ఏమైనా ఇబ్బందా తల్లీ? నాకు చెప్పు. జోకు వెయ్యను."

ఏదో అనబోయింది. ఇంతలో వరుస కదిలింది.

"రోజూ కొంచెం శ్రుతి చేస్తుండు నాన్నా. వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తాయి," అని లోపలికెళ్ళిపోయింది.

చేశాను. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పి గిటార్ పట్టుకోవడమే. మొదట్లో ఎంత బిగించినా తెల్లారేసరికి వేలాడేవి. తర్వాత్తర్వాత దిగడం తగ్గింది. ఆదివారం నాటికి, యాప్ పెట్టి చూస్తే, ఆరూ పచ్చగా వెలిగాయి. ఒక్క పాట కూడా వాయించడం రాని మనిషి ఒళ్ళో పూర్తిగా తయారైన గిటార్.

ఫోన్ మోగింది. రోజారాణి దాన్ని గిటార్ గుండెకాయకు దగ్గరగా పట్టుకుంది. తిన్నావా అనలేదు, నిద్ర పడుతోందా అనలేదు. ఒక్కో తీగా మీటాను, ఆరూ.

అవతల హాస్టల్ వరండా చప్పుడు.

"నాన్నా," అంది. "మళ్ళీ."

మళ్ళీ మీటాను.

"మళ్ళీ," అంది. ముక్కు ఎగపీల్చింది. మీటాను. అయిదు నిమిషాలూ అలాగే అయిపోయాయి.

"రెండోది..." అంది. వెనకాల ఎవరో తర్వాతి పిల్లను పిలిచారు. లైను తెగిపోయింది.

"ఏమందండీ?" అంది రోజారాణి.

"రెండోది అంది."

"రెండోదేమైందట? ఎక్కువైందా, తక్కువైందా?"

యాప్ తీసి చూశాం. పచ్చగానే ఉంది. చెవి ఆనించి విన్నాను. నాకు అన్నీ ఒకలాగే వినిపించాయి. తనూ విని, తెలియదన్నట్టు తలూపింది.

వచ్చే ఆదివారం దాకా ఆ తీగను ముట్టుకోవద్దని ఇద్దరం అనుకున్నాం. ముట్టుకోకపోయినా అది దిగుతూనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు.