చీకటి గోడ మీద ఇప్పపూలు

వీడియోకి చీకటి కావాలి, బొమ్మకి వెలుతురు కావాలి. ప్రకృతి మీద ఉమ్మడి ప్రదర్శన పెట్టాలని ఉబలాటపడిన ఐదుగురిలో ఒక్కరికైనా ఈ సంగతి ముందు తట్టలేదు. తీరా సివిక్ సెంటర్ దగ్గర హాలు తీసుకుని బొమ్మలన్నీ తగిలించాక, సతీష్‌కుమార్ తన ‘చెరువు మీద వాన’ వీడియో కోసం ఒక మూల కిటికీలకి నల్లగుడ్డ కట్టేశాడు. ఆ ఐదుగురిలోనే ఒకరైన భాగ్యరేఖ వేసిన బొమ్మ సరిగ్గా ఆ మూలే ఉంది.

"రెండు రోజులే కదా దీదీ, కొంచెం ఎడ్జస్ట్ అయిపోండి," అన్నాడు.

భాగ్యరేఖకి ఒళ్లు మండింది. ఏడాదిపాటు స్మృతి నగర్ ఇంటి వరండాలో కూర్చుని గీసిన బొమ్మాయె. అయినా మనసులో ఎక్కడో హమ్మయ్య అని కూడా అనిపించింది. ఆ బొమ్మ అడుగున, రాలిన ఇప్పపూల మధ్య, రెండు పాదాలున్నాయి. అవి అత్తగారు నూకాలమ్మవి. అడక్కుండా గీసేసింది.

వేసవి మొదట్లో తెల్లవారుతూనే నూకాలమ్మ కాలనీ చివరి ఇప్పచెట్టు కిందికి వెళ్లి పూలేరుకొచ్చేది. పూలని తొక్కకూడదని చెప్పులు దూరంగా విడిచేది. ఆ పగిలిన మడమలు, ఒకదాని మీదికొకటి ఎక్కిన వేళ్లు భాగ్యరేఖ కళ్లలో ఉండిపోయాయి. కానీ ఆవిడకి తన పాదాలంటే మహా సిగ్గు. చీర కుచ్చిళ్లు నేల జీరాడేలా కడుతుంది. కోడలు వాటిని నలుగురిలో పెట్టిందని తెలిస్తే ఏమంటుందో, అసలు మళ్లీ మాట్లాడుతుందో లేదో! అందుకే ఇంట్లో ఆ బొమ్మ మీద ఎప్పుడూ పాత చీర కప్పి ఉండేది.

సాయంత్రం నూకాలమ్మ పిలవకుండానే ఆటో ఎక్కి దిగబడింది.

"నీదేదే?"

"ఆ చీకట్లో ఉంది అత్తా. ఏమీ కనబడదు. రా, టీ తాగుదాం."

"కనబడకపోడమేటి?" అంటూ నూకాలమ్మ ఫోను టార్చి వేసింది. మంచం కింద దొర్లిపోయిన మాత్రలు వెతికినట్టే, బొమ్మని పై నుంచి మొదలుపెట్టి వెతకసాగింది.

"ఇదేటి, సీమ! పువ్వు కరుసుకుని పోతంది సూడు!"

వాన వీడియో చూస్తున్నవాళ్ల తలలు ఇటు తిరిగాయి. "ఉధర్ క్యా హై అమ్మా?" అంటూ, అటేముందో చూడాలని ఒకరి వెనక ఒకరు చేరారు. వెలుగు ఎటు పోతే తలలు అటు పోయాయి.

"ఆంటీ, టార్చ్ బంద్ కీజియే, వీడియో పాడైపోతోంది," అంటూ వచ్చిన సతీష్, "ఏదీ, చీమెక్కడ?" అని తనూ వంగాడు.

వెలుగు మెల్లగా కిందికి దిగుతోంది. అత్త చెయ్యి పట్టి ఆపేద్దామా అనుకుంది భాగ్యరేఖ. ఆపబుద్ధి కాలేదు. చూడాలనీ ఉంది, భయంగానూ ఉంది.

వెలుగు ఆగింది.

నూకాలమ్మ చెప్పు విడిచి కుడికాలు గచ్చు మీద పెట్టింది. టార్చి తన పాదం మీద వేసింది, బొమ్మ మీద వేసింది, మళ్లీ పాదం మీద వేసింది. వెనకున్నవాళ్లూ అటూ ఇటూ చూశారు.

"అత్తా, నిన్ను అడగాల్సింది. తప్పయిపోయింది..."

"ఉండెహె. సిటికినేలు ఇంకా లోపలికి ముడుసుకుంటాది. సరిగ్గా సూసినావు కాదు."

భాగ్యరేఖ వంగి చూసింది. నిజమే.

"రంగులు తెచ్చినావేటి?"

"బ్యాగులో ఉన్నాయి."

"మరింకేటి, దిద్దు. నిలబడతాను."

నూకాలమ్మ టార్చి సతీష్ చేతికిచ్చి, రెండో చెప్పు కూడా విడిచి, కుచ్చిళ్లు పైకెత్తి దోపుకుంది.