వేలెడు చేపలు

వలలు కాలుతున్న వాసన మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నైలాన్ కరిగి, బొట్లు బొట్లుగా సిమెంటు మీద పడి, నల్లగా పొంగుతుంది. ఆ పొగ ఒకసారి గొంతులో దిగిందంటే రెండు రోజులు అన్నం సహించదు.

ఆ పొద్దున జెట్టీ మీద పదిహేడు నాటుపడవల వలలు కుప్పపోసి, కిరోసిన్ చల్లి, మత్స్యశాఖవాళ్ళు నిప్పంటించారు. "మీ వలకన్ను చిన్నది. పిల్లచేపల్ని ఊడ్చేస్తున్నది మీరే. సముద్రం గొడ్డుపోతున్నది మీవల్లే" అని మైకులో చదివారు. సరిగ్గా యాభై అడుగుల అవతల కంపెనీ ట్రాలరు సరుకు దించుతోంది. వేలెడంత కూడా లేని చేపల్ని, కళ్ళు చితికి పొట్టలు పగిలినవాటిని, పారలతో లారీలోకి ఎత్తుతున్నారు. అవి మనుషులు తినడానికి కాదు, కోళ్ళమేత పొడికొట్టే ఫ్యాక్టరీకి. లారీ కిందనుంచి కారిన ఎర్రనీళ్ళు అధికారుల బూట్లదాకా వచ్చాయి. ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బూటు పక్కకు జరుపుకున్నాడు. అటు మాత్రం తిరిగి చూడలేదు.

నేను చూశాను. చూడటమే నా ఉద్యోగం. చేపల పరిశోధన కేంద్రంలో నేను కొలతల మనిషిని. మూడేళ్ళపాటు రోజూ ఆ జెట్టీకి వెళ్ళి, పెద్ద బోట్ల చేపల్నీ చిన్న పడవల చేపల్నీ స్కేలు చెక్క మీద పెట్టి, మూతినుంచి తోకదాకా కొలిచి రాశాను. నాతోపాటు మా మేడం ఉండేది. చేప తలలో చెవి దగ్గర గోరంత రాయి ఉంటుంది. దాన్ని సన్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే వలయాలు కనిపిస్తాయి, వాటినిబట్టి చేప వయసు తేలుతుంది. ఆ పని చేస్తుందని జెట్టీలో అందరూ ఆవిడను చెవిరాళ్ళ మేడం అనేవాళ్ళు.

మేం తేల్చింది ఇదీ: ట్రాలరు పట్టే ప్రతి వంద చేపల్లో ఎనభై ఇంకా ఒక్కసారైనా గుడ్డు పెట్టని పిల్లలు. చిన్న పడవల్లో అలాంటివి పన్నెండు. మా కేంద్రం అచ్చువేయించిన నివేదిక పుస్తకంలో ఎనభై పడవల కింద ఉంది, పన్నెండు ట్రాలర్ల కింద ఉంది. అట్ట మీద మోచేతంత వెండిరంగు చేప బొమ్మ. ఆ పుస్తకం చూపించే వలలు కాల్చారు. దాని కట్టలు ప్రెస్సునుంచి భుజాన మోసుకొచ్చింది నేను.

మేడం మా కేంద్రం డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. వెనకే ఫైళ్ళు పట్టుకుని నేనూ వెళ్ళాను.

"సార్, రెండు వరుసలు తారుమారయ్యాయి."

"అచ్చుతప్పు అయ్యుంటుందమ్మా."

"అయితే సవరణ వేద్దాం."

ఆయన ఏసీ కాస్త పెంచి నవ్వాడు. "కొలవడం నీ పని. దానికి అర్థం చెప్పడం నా పని. ట్రాలర్లంటే పెట్టుబడి, ఎగుమతులు. పడవలంటే ఏముంది? కంపు."

మేడం సవరణ కోరుతూ అక్కడే అర్జీ రాసి ఆయన బల్ల మీద పెట్టింది. నేను బయటికొచ్చి వరండా చివర వాంతి చేసుకున్నాను. ఆ కక్కింది డైరెక్టరు మీద అసహ్యంతోనా, ఫైళ్ళు పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డ నామీద అసహ్యంతోనా, ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడే ఆవిడను సస్పెండు చేశారు. ఆ సాయంత్రం మేమిద్దరం ఐసుషెడ్డులో పడవలవాళ్ళ మీటింగుకి వెళ్ళాం. మమ్మల్ని చూడగానే వలలు పోగొట్టుకున్న ఒక పెద్దాయన లేచాడు.

"ఏం మొహం పెట్టుకుని వచ్చారు? మీ కొలబద్దేగా మా కడుపు కొట్టింది!"

"కొలబద్ద కొట్టలేదు బాబాయ్, దొంగరాత కొట్టింది" అని మేడం అసలు కాగితాలు చదివి వినిపించింది. షెడ్డంతా ఊగిపోయింది. అప్పుడావిడ అనకుండా ఉండాల్సిందేమో అని నేను భయపడ్డ మాట అనేసింది. "అయితే మీ వలల్లోనూ పన్నెండు పడుతున్నాయి. అదీ చెప్తాను. దాచను."

"చూశారా! ఇదీ వాళ్ళ మనిషే!" అని అరుపులు.

చేపలు ఏరే ఆడవాళ్ళకు పెద్దదిక్కు గంపక్క. ముప్పై ఏళ్ళుగా ఐసునీళ్ళలో నాని గోళ్ళు ఊడిపోయిన చేతులు ఆమెవి. ఆమె లేచి నిలబడింది.

"నోరు ముయ్యండ్రా. ఆ పన్నెండు నేను రోజూ ఏరుతూనే ఉన్నాను, నాకు తెలీదా? మనమూ దొంగరాత రాస్తే ఇక వాళ్ళకీ మనకీ తేడా ఏముంది? కన్ను పెద్దదున్న వలలు మనమే అల్లుకుందాం. వాళ్ళ ఎనభై మాత్రం ఊరందరికీ చూపిద్దాం."

వెనకనుంచి ట్రాలరు మీద పనిచేసే కుర్రకూలీ ఒకడు లేచాడు. పడవలవాళ్ళు బుసకొట్టారు.

"పారతో ఎత్తేది మేమే" అన్నాడతను. "ఎంత తోమినా చేతుల కంపు పోదు. మా పాప నా దగ్గరికి రాదు. ఎత్తనంటే బోటు దింపేస్తారు. ఒక్కణ్ణి కాబట్టి దింపుతారు. అందరం అంటే?"

 మర్నాటినుంచి పని మొదలైంది. విరిగిన పడవ చెక్కలు కోసి అరవై కొలతచెక్కలు చేశాం. చదువురాని ఆడవాళ్ళకు గీతలు చాలు. ఒక్కో జాతికీ గుడ్డుపెట్టే వయసుకు ఎదిగే పొడవు దగ్గర ఎర్రగీత వేశాం. గీత దాటనిది పిల్ల. నెల తిరిగేసరికి వాళ్ళ కొలతల్లో తప్పు పట్టాలని నేనే ప్రయత్నించి ఓడిపోయాను.

తీరం దగ్గర చిన్న పడవల్ని పూర్తిగా నిషేధించడానికి మత్స్యశాఖవాళ్ళు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. డైరెక్టరు తెర మీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు మాట్లాడాడు. హాలు సగం మాతో నిండింది. గంపక్క లేచి, కొంగులోంచి వేలెడు చేపను తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"ట్రాలరు సరుకులోది. దీని పేరేంటి సార్?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. రుమాలు తీశాడు. "ఇది... ఇదేదో పనికిరాని రకం. మేతచేప."

హాల్లో ఎవరో పకపకా నవ్వారు. గంపక్క మాత్రం నవ్వలేదు.

"మీ పుస్తకం అట్ట మీదుంది చూడండి, అదే చేప. పిల్లది. ఎదగనిస్తే అంతవుతుంది. సముద్రం మీద పెద్ద చదువులు చదివారంట. సొంత బొమ్మలో చేపను గుర్తుపట్టలేరా?"

అరవై కొలతచెక్కలు ఒక్కసారిగా పైకి లేచాయి. "కొలవండి! ఇక్కడే కొలవండి!" డైరెక్టరు పక్కతలుపులోంచి జారుకున్నాడు. ముందుతలుపులోంచి పోలీసులొచ్చారు. చెక్కలు లాక్కుని మోకాళ్ళకు ఆనించి విరిచారు. మేడాన్నీ, గంపక్కనూ, నన్నూ, మరో పదిమందినీ వ్యాను ఎక్కించారు. కేసు ఏమిటంటే ప్రభుత్వ విధులకు ఆటంకం. స్టేషన్లో ఎస్సై మేడంతో అన్నాడు: "చదువుకున్నదానివి, ఈ కంపుమనుషుల్తో నీకేం పనమ్మా?"

"కంపు ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోవడమే నా చదువు" అంది మేడం.

మూడో రోజు బెయిలిచ్చారు. తిన్నగా జెట్టీకి వెళ్ళాం. నాలుగు ట్రాలర్లు నిండుగా నిలబడి ఉన్నాయి. లారీలు ఖాళీగా ఉన్నాయి. పారలన్నీ గట్టు మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. విరిగిన చెక్కలకు బదులు ఆడవాళ్ళు మేకుతో జెట్టీ సిమెంటు మీదే ఈ చివరనుంచి ఆ చివరదాకా కొలతగీతలు చెక్కేశారు. ఇక దాన్ని జప్తు చెయ్యాలంటే జెట్టీనే పెకలించుకుపోవాలి.

కంపెనీ కాంట్రాక్టరు గొంతు చించుకుంటున్నాడు. "సరుకు కుళ్ళిపోతోందిరా! దించుతారా, లేదా?"

డెక్కు మీదనుంచి, మీటింగులో లేచిన ఆ కుర్రకూలీ ఒంగి చూశాడు. అతని వెనక నాలుగు బోట్ల కూలీలూ నిలబడి ఉన్నారు.

"మా అక్కలు ముందు కొలవాలి. కొలిచాకే దించుతాం."

దూరంగా పోలీసు వ్యాన్ల హారన్లు వినిపించాయి. గంపక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గీతల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె పక్కన మరొకరు, ఆ పక్కన ఇంకొకరు. నేనూ కూర్చున్నాను.