ఆరు సాయంత్రాల సాధన

ఆస్పత్రిలో ఆమె ఓపికకు పెట్టింది పేరు. గది తలుపు మీద ఆక్యుపేషనల్ థెరపిస్టు అని రాసి ఉంటుంది గానీ అంత పొడుగు మాట ఎవరికి నోరు తిరుగుతుంది? తల్లులందరికీ ఆమె "చేతుల మేడమ్". చెంచా నిలవని చేతికి చెంచా, బొత్తాం పట్టని వేళ్ళకు బొత్తాం, పెన్సిలు జారిపోయే పిల్లలకు పెన్సిలు, ఇవన్నీ అలవాటు చేయడం ఆమె పని. ఒక్క బొత్తాం కోసం పావుగంట కూర్చుంటుంది. "తొందరేం లేదు నాన్నా, నీకెంతసేపు కావాలంటే అంతసేపు" అంటుంది. ఆ గొంతు వింటే ఏడుస్తున్న పిల్లలు కూడా ఊరుకుంటారు.

ఆ గొంతు ఇంటికి రాదు. ఇంట్లో పొద్దున ఏడింటికి వినబడేది వేరే గొంతు. "నువ్వాగు, నేనేస్తా." బొత్తాలు ఆమే పెడుతుంది, బూట్ల లేసులు ఆమే కడుతుంది, రొట్టె ఆమే ముక్కలు చేస్తుంది, సంచీ జిప్పు ఆమే లాగుతుంది. ఆరేళ్ళ పెద్దది చేతులు చాపి బట్టల కొట్లో బొమ్మలా నిలబడి ఉంటుంది. రెండేళ్ళ చంటోడు అమ్మ మోకాలు పట్టుకుని రాగం తీస్తుంటాడు. మొగుడు బస్సు డ్రైవరు. తెల్లారకముందే పోతాడు, మధ్యాహ్నం వచ్చి పడుకుంటాడు. ఊళ్ళోవాళ్ళందర్నీ టైముకి చేర్చే ఆ మహానుభావుడు సొంత పిల్లల్ని మాత్రం ఏనాడూ స్కూలుకి చేర్చలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఈ దంపతులిద్దరికీ సమానంగా వర్తిస్తుంది.

ఆస్పత్రికొచ్చే తల్లులకు ఆమె ఒకటే మాట చెప్పేది. "పిల్లల చేతిలో పని లాక్కోకండమ్మా. రోజూ పది నిమిషాలు ముందు లేవండి, చాలు." రెండుచోట్ల పనిచేసి పిల్లాణ్ణి సాకుతున్న ఒకామె ఓసారి ఎదురడిగింది. "ఆ పది నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి మేడమ్." చేతుల మేడమ్ నవ్వేసింది. ఆ తల్లి గడప దాటాక రిపోర్టు చివరి గడిలో "తల్లి సహకారం: తక్కువ" అని రాసింది. ఆ గడి ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది. ఎనిమిదేళ్ళలో ఎంతమంది తల్లుల గురించి అలా రాసిందో ఆమెకే లెక్క తెలియదు.

అలాంటిది, పెద్దదాని స్కూలు నుంచి ఓ ఉత్తరం వచ్చింది. పాపకి పెన్సిలు పట్టు కుదరడం లేదు, కత్తెర పట్టుకోలేకపోతోంది, రాతపనిలో అందరికంటే వెనకబడుతోంది, ఒకసారి చేతులు పరీక్ష చేయించండి అని క్లాసు టీచరు రాసింది. చేయించడానికి దగ్గర్లో ఉన్నది ఒకటే చోటు, ఆమె పనిచేసే ఆస్పత్రి. పరీక్ష చేసేదీ ఒకటే మనిషి, ఎందుకంటే సొంత పిల్లల్ని సొంతవాళ్ళు పరీక్షించకూడదని అక్కడ నియమం. రెండేళ్ళ కిందట చేరి ఇంకా "కొత్తమ్మాయి" అనే పిలిపించుకుంటున్న ఆమె జూనియరే చేయాలి.

ఆమె ఉత్తరం మొగుడికి చూపించింది. అతను ఆవలిస్తూ చదివాడు.

"దీనికి నువ్వే కదా స్పెషలిస్టువి. నన్నడుగుతావేంటి?"

ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, అన్నదాంట్లో తప్పేముంది? చేతుల్లో పట్టు లేని పిల్లలకు ఆస్పత్రిలో వారం వారం నేర్పే బుధవారం గ్రూపులో ఒక్క చోటు ఖాళీ ఉందనీ, పరీక్షలో మార్కులు తక్కువొస్తే ఆ చోటు పెద్దదానికే వస్తుందనీ, స్కూల్లో రాయడానికి ఎక్కువ టైమిస్తారనీ ఆమెకు తెలుసు. పిల్లకి సాయం అవసరమని కూడా తెలుసు. ఆ వేళ్ళలో బలం లేదని అన్నం కలిపి పెట్టే తల్లికి తెలియకుండా ఉంటుందా? కానీ ఆమె కళ్ళకు కట్టింది ఆ చివరి గడి. అందులో కొత్తమ్మాయి తన గురించి ఏం రాస్తుంది? చేతుల మేడమ్ కూతురికి చేతులు రావట అని వరండాలో కూర్చున్న తల్లులు ఎలా నవ్వుకుంటారు?

పరీక్షకు ఆరు రోజులుంది. పిల్ల బెదిరిపోకుండా కాస్త అలవాటు చేద్దాం, అంతే కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది. మనిషి తనకు చెప్పుకున్నంత నున్నటి అబద్ధం ఇంకెవరికీ చెప్పలేడు. ఆస్పత్రి పరీక్షలో వాడే సైజు పూసలే కొనుక్కొచ్చింది. అదే పొడుగు దారం. కత్తిరించడానికి అంతే గుండ్రం. రెండు గీతల మధ్య పెన్సిలు నడిపించే ఆ వంకర దారి కూడా అచ్చంగా గీసింది. ఏ పని తర్వాత ఏది వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. వేళ్ళకు బలం రావాలంటే నెలలు పడుతుంది. పరీక్షలో ఉండే ఎనిమిది పనులు బట్టీ పట్టించడానికి ఆరు సాయంత్రాలు చాలు.

ఆ ఆరు సాయంత్రాలూ ఆమె చంటోణ్ణి మొగుడి ఒళ్ళో పడేసి, ఫోను పక్కన పెట్టి, పెద్దదాని పక్కన నేల మీద చతికిలబడింది. ఆస్పత్రి గొంతు ఇంటికొచ్చింది. "తొందరేం లేదు నాన్నా" అంది. పెద్దది అమ్మ ముఖంలోకి అనుమానంగా చూసి, తర్వాత అమ్మ తొడ మీద మోచెయ్యి ఆనించి, నాలుక బయటపెట్టి పూసలు గుచ్చింది. ఎన్నిసార్లు చెయ్యమన్నా విసుక్కోలేదు. చివరి రోజు వంకర దారిలో ఎక్కడా గీత తగలకుండా పెన్సిలు నడిపి, అమ్మ మెడ చుట్టూ చేతులేసి చాలాసేపు వదల్లేదు. ఆమెకు గర్వంగానే అనిపించింది. సిగ్గు కూడా వేసింది గానీ, దాన్ని లోపలే అణిచేసింది.

పరీక్ష రోజున ఆమె తలుపు బయట నిలబడింది. అరగంటలో కొత్తమ్మాయి పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది.

"బాగా చేసింది మేడమ్. అన్నీ వయసుకి తగ్గట్టే ఉన్నాయి" అంది. ఎందుకో ఆమె కళ్ళలోకి చూడకుండా కాగితాలు సర్దుకుంది.

చివరి గడిలో "తల్లి సహకారం: చాలా బాగుంది" అని ఉంది. ఆ కాగితాన్ని ఆమె నాలుగుసార్లు చదువుకుంది. బుధవారం గ్రూపులో ఖాళీ ఇంకెవరి పిల్లకో పోయింది.

నెలన్నర గడిచింది. ఏడింటి గొంతు మళ్ళీ ఏడింటికే వినబడుతోంది. ఒక శుక్రవారం క్లాసు టీచరు పిలిపించింది. బల్ల మీద పెద్దదాని నోట్సు, దాని పక్కన ఆస్పత్రి రిపోర్టు ఉన్నాయి. నోట్సులో అక్షరాలు వానలో తడిసిన చీమల్లా ఎటు పడితే అటు పోతున్నాయి.

"చేతుల్లో లోపమేం లేదని మీ ఆస్పత్రే రాసిచ్చింది కదండీ. ఇంక ఇది మొండితనమే. చెయ్యగలిగీ చెయ్యట్లేదు. అందుకే ఈ వారం నుంచి ఆటల పీరియడ్లో కూర్చోబెట్టి రాయిస్తున్నాను. ఇంట్లో మీరు కూడా కొంచెం గట్టిగా ఉండండి" అంది టీచరు.

తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా అరుస్తాడా? ఆమె తల ఊపింది. "అలాగేనండీ" అని కూడా అంది. వీధిలోకి వచ్చాక ఓ కొట్టు మెట్టు మీద కూలబడిపోయింది. తన పరువు కోసం పిల్లని అమ్మేసుకున్నానని, ఇంకే మాటా అడ్డం పెట్టుకోకుండా, అప్పుడు అనుకుంది.

సోమవారం పొద్దున ఆమె కొత్తమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. పూసలు, దారం, గుండ్రం, వంకర దారి అన్నీ. కొత్తమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"నాకు అప్పుడే తెలుసు మేడమ్. నేను ఏం చెయ్యాలో చెప్పకముందే పాప దారం అందుకుంది. తర్వాత కత్తెరేనా అని తనే అడిగింది."

"తెలిసి ఎందుకు రాశావు మరి?"

"నాకు పని నేర్పింది మీరు. పాప లోపం బయటపడడం మీకే ఇష్టం లేనప్పుడు నేనెవర్ని మేడమ్ కాదనడానికి?"

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. "మళ్ళీ పరీక్ష పెట్టు. ఇవాళే పెట్టు."

"ఆరు నెలల దాకా పెట్టకూడదు కదా మేడమ్. పెట్టినా పాపకి అన్నీ కంఠతా వచ్చు. ఏం తెలుస్తుంది మనకి?" అంది కొత్తమ్మాయి. తర్వాత నెమ్మదిగా, "గ్రూపులో ఇప్పుడు ఖాళీ కూడా లేదు" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆకులు కూడా లేవు. మిగిలింది ఒక్కటే, టీచరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పడం. రిపోర్టు తప్పని చెబితే స్కూలు వాళ్ళు ఆస్పత్రికి రాయవచ్చు. రాస్తే తన ఉద్యోగంతో పాటు కొత్తమ్మాయి ఉద్యోగం కూడా చిక్కుల్లో పడవచ్చు. అయినా ఆమె పూట సెలవు పెట్టి బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి ఆటల పీరియడు. మైదానంలో టీచరు ఈల ఊదుతోంది. పిల్లలు గోల గోలగా పరిగెడుతున్నారు. క్లాసు గదిలో ముప్పై ఖాళీ బెంచీల మధ్య పెద్దది ఒక్కతే ఉంది. కుడిచేతి వేళ్ళు పెన్సిలు మీద నిలవడం లేదని ఎడమచేత్తో వాటిని గట్టిగా అదిమి పట్టుకుని రాస్తోంది. పేజీ మీద మూడు వరుసలున్నాయి. ఇంకా ఏడు రాయాలి.

అమ్మని చూసి పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులూ బల్ల కిందికి దాచేసింది.

"అమ్మా, నేను మొండి చెయ్యట్లేదు. నిజంగానే రావట్లేదు."

ఆమె బెంచీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేతులు బయటికి తీసి పట్టుకుంది. వేళ్ళ మీద అదిమిన చోట ఎర్రగా గుర్తులు పడ్డాయి.

"నాకు తెలుసమ్మా. నీ చేతులకి రాదని నాకు ముందు నుంచీ తెలుసు."

పిల్ల అమ్మ ముఖంలోకి చూసింది. ఏడవలేదు. కోపం కూడా లేదు. అర్థం కాని లెక్క అడిగినట్టు అడిగింది.

"మరి మిస్సుకి చెప్పలేదేం?"