పెదవి లోపలి పట్టు

నేను ఒక యాంటీబాడీని. పంగలకర్ర ఆకారం, కంటికి ఆనని ఒళ్ళు, కొన్ని వారాల ఆయుష్షు. సన్నాయి విద్వాంసుడు మీరాసాహెబు ఒంట్లో పుట్టాను. నన్ను తయారుచేసిన కణం ఒకే ఒక్క ఆనవాలు నేర్పి, కనిపిస్తే పట్టుకోమని పంపింది. రోగక్రిమి ఆనవాలే అనుకున్నాను. తీరా చూస్తే, ఆయన చర్మకణాలను ఒకదానితో ఒకటి అతికి ఉంచే బంధానిది. మాలాంటివి గుంపుగా పట్టుకుంటే ఆ బంధం ఊడిపోతుంది.

ఆ పొరపాటు నాతో మొదలవలేదు. నాకు ముందు పుట్టినవి అప్పటికే ఆయన నోటిని పచ్చిపుండు చేశాయి. ఓ పెళ్ళిలో ఊదుతుండగా, పెదవుల మధ్య పెట్టుకునే సన్నాయి పీక మీద నెత్తురు కనిపించిందట. పెళ్ళివారు వేరే మేళాన్ని పిలిపించుకున్నారు. తర్వాత వీపు నిండా నీటిబుడగలు లేచాయి. ఒత్తిగిలితే చాలు, చర్మం ఊడివచ్చేది. చుట్టాలు రావడం మానేశారు. భార్య జైనబీ కూడా ఆయన కంచం, చాప వేరు చేసింది.

ఆస్పత్రిలోనూ మంచానికి దూరంగా నిలబడే అడిగింది.

"మాకూ అంటుకుంటదా డాక్టరమ్మా?"

"అంటుకోదమ్మా. ఒంటిని కాపాడాల్సినవే ఆయన చర్మాన్ని పరాయిదనుకుని విడదీస్తున్నాయి. వాటిని పుట్టించే కణాలను తగ్గించే మందు ఎక్కిస్తాం."

జైనబీ దగ్గరికి వచ్చి, పుండు లేని ఆయన అరచేతిని పట్టుకుంది.

"నాకెవరూ చెప్పలేదయ్యా," అంది.

మనుషులు తెలియక దూరం జరుగుతారు, తెలిస్తే దగ్గరికొస్తారు. నాకు తెలిసి మాత్రం ఏం లాభం? పట్టుకోవడం తప్ప మరోటి చేతకాదు.

మందు ఎక్కింది. నన్ను పుట్టించిన కణం పోయింది. నా తోటివి ఒక్కొక్కటే అరిగిపోయాయి. చిన్నప్పటి ఆటలమ్మను గుర్తుపెట్టుకున్న యాంటీబాడీలు ఎదురయ్యేవి కానీ, వాటికి నిజమైన శత్రువుంది. నేనేమిటో వాటికి తెలియదు. ఎంత తిరిగినా నాలాంటిది మరొకటి కనబడలేదు.

పుండ్లు మానాక ఒక ఉదయం మీరాసాహెబు సన్నాయి అందుకున్నాడు. నేనప్పుడు ఆయన కింది పెదవిలో ఉన్నాను. నా ఆనవాలు కనిపించింది. పట్టుకున్నాను.

పీక పెదవికి ఒత్తుకుంది. గాలే ఎక్కువగా, ఓ సన్నటి స్వరం వచ్చింది. ఆయన భయపడి ఆపేశాడు.

"నెత్తురొచ్చిందా?"

జైనబీ పెదవి తుడిచి, వేలు చూసుకుంది.

"లేదు. ఊదు."

ఆయన ఊదాడు. పెదవి చెదరలేదు. నేను నా బలమంతా పెట్టి పట్టుకునే ఉన్నాను, ఒక్కదాన్నే. ఆయనకు తెలియనైనా లేదు.