చరిత గౌను

కలకత్తా దగ్గరి రైల్వే ఊళ్లో, ఖరిదా బజారులో, భర్త సుబ్బరాయుడి గుడ్డల కొట్టు వెనక గదిలో పరమేశ్వరి జాకెట్లు కుడుతుంది. పొద్దున్నే మిషనుకి నూనె వేసి, గోడకి తగిలించిన పసుప్పచ్చ గౌనుని టేపుతో కొలుస్తుంది. అది ఆమె కూతురు చరితది. పిల్ల ఆరేళ్లప్పుడు స్టేషన్లో, జనంలో తప్పిపోయింది. ఆ రోజు ఇంట్లో ఉండిపోయిన గౌను అప్పట్నుంచీ పెరుగుతూనే ఉంది. అంటే పిల్ల ఎక్కడో పెరుగుతోందన్నమాట.

జాకెట్లకొచ్చిన ఆడవాళ్లు “ఈయేడు ఎంతొచ్చినాది?” అని అడిగేవారు. “రెండంగుళాలు” అంటే తలూపి తమ జాకెట్ల మాట ఎత్తేవారు. అందులో ఎవరికీ వింత కనబడలేదు.

వింత జరిగింది పిల్ల తప్పిపోయిన పదకొండో ఏట. జాకెట్టు కుట్టించుకోడానికి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. కొలతల పుస్తకంలో రాయడానికి పేరడిగితే చరిత అంది. పరమేశ్వరి పెన్సిలు పక్కన పెట్టి ఒక్కొక్కటే అడిగింది. వయసు పదిహేడు. పుట్టినరోజు నవంబరు తొమ్మిది. ఎడమ మోకాలి మీద మచ్చ. అన్నీ కూతురివే. అమ్మానాన్నల్లేరు, విజయనగరం అనాథాశ్రమంలో పెరిగింది, ఇక్కడో డాక్టరుగారి దగ్గర పనికి కుదిరింది.

“పేరు ఆశ్రమం వాళ్లు పెట్టినారండీ,” అంది అమ్మాయి. “పుట్టినరోజు కూడా వాళ్లు రాసిందే. నన్నక్కడ ఒదిలేసిన రోజది.”

“అన్ని పేర్లుండగా ఇదే ఎందుకు పెట్టాల? అన్ని రోజులుండగా ఆ రోజే ఎందుకు రాయాల? ఇన్ని కలిసినాయంటే ఊరికే కలుస్తాయేటి?”

బజారంతా ముక్కున వేలేసుకుంది. దేవుడే పంపినాడన్నారు. అమ్మాయి వాళ్లింట్లోనే ఉండిపోయింది. సుబ్బరాయుడొక్కడే నసుగుతూ వచ్చి, వారం తర్వాత భార్యతో అనేశాడు. “ముందు గౌను తొడిగి సూడు.”

తొడిగింది. భుజాలు జారిపోయాయి. అంచు మోకాలు దాటి నాలుగంగుళాలు కిందకి దిగింది.

అమ్మాయి చేతులు వేలాడేసి నిలబడింది. ఆ వారమంతా పరమేశ్వరి చేతి ముద్దలు తింది, తలంటు పోయించుకుంది. “అయితే మీరు మా అమ్మ కాదాండీ?” అంది.

పరమేశ్వరి కత్తెర అందుకుంది.

“ఏటిసేస్తన్నావే?” సుబ్బరాయుడు చెయ్యి పట్టుకోబోయాడు.

“గౌనుకేటి తెల్సండీ! గోడకి యేలాడి యేలాడి సాగిపోనాది.”

నాలుగంగుళాలు కత్తిరించి, భుజాలు లోపలికి పట్టి, అంచు మడిచి కుట్టేసింది. ఇప్పుడు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. గౌను మరి పెరగలేదు. ఈడొచ్చాక ఆడపిల్లలింకేం పెరుగుతారులే అనుకున్నారు అందరూ.

ఆ శీతాకాలం ఒక మధ్యాహ్నం, సుబ్బరాయుడు సరుక్కి కలకత్తా వెళ్లినప్పుడు, ఓ పొడుగుపాటి అమ్మాయి టోటో రిక్షా దిగి కొట్టు మెట్లెక్కింది. తెలుగు రాదు, పరమేశ్వరికీ వచ్చిన ఒడియాలో మాట్లాడింది. పేరు దోర్కా. భద్రక్‌లో ఎవరింట్లోనో పనిచేస్తుందట. తప్పిపోయిన పిల్ల గౌను పెరుగుతోందని రైల్లో ఎవరో చెప్పుకుంటుంటే విందట. పుట్టినరోజు తెలీదు. చిన్నప్పటిదేదీ గుర్తులేదు. మచ్చ ఉందా అని అడిగితే పాపం లంగా ఎత్తి చూపించింది. మోకాళ్లు రెండూ నున్నగా ఉన్నాయి.

“ఒక్కసారి తొడుక్కుని చూసి వెళ్లిపోతాను, మౌసీ.”

పరమేశ్వరి గౌను తీసింది. తొడిగింది. భుజాల దగ్గర బిగిసి కుట్లు పటపటమన్నాయి. అంచు మోకాలికి పైనే ఆగిపోయింది. పరమేశ్వరి అలవాటుగా టేపు పెట్టింది. నాలుగంగుళాలు తక్కువ. మళ్లీ పెట్టింది. నాలుగే.

దోర్కా తల వంచి తనని తాను చూసుకుంది. “నాది కాదు కదా?”

లోపల్నుంచి కేక వినబడింది. “అమ్మా, పప్పులో ఉప్పెంతెయ్యాల?”

“కాదమ్మా,” అంది పరమేశ్వరి. “నీది కాదు.”

ఆ పిల్ల గౌను చిరగకుండా నెమ్మదిగా విప్పి, మడతపెట్టి బల్ల మీద ఉంచింది. మంచినీళ్లిస్తే గ్లాసంతా తాగింది. శ్రమ ఇచ్చానని దణ్ణం పెట్టి, భద్రక్ బండి ఎన్నింటికో అడిగి తెలుసుకుని వెళ్లిపోయింది. టోటో మలుపు తిరిగేదాకా పరమేశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది.

చరిత గరిటెతో బయటికొచ్చింది. “ఎవరమ్మా?”

“ఎవరో. కొలతలకొచ్చినాది.”