తెల్లతోట ధర్మాసనం

మూడో మడిలోని చంద్రకాంత మొక్కకు మరణశిక్ష ఖరారైంది. కణుపు దగ్గర గోరంత ఎరుపు కనబడటమే దాని నేరం. కణుపు ఎర్రబారిన మొక్క ఎర్రగానో గులాబీరంగుగానో పూస్తుంది. కణుపు పచ్చగా ఉన్నదే తెల్లగా పూస్తుంది. తెల్లతోటలో తెలుపు తప్ప మరో వర్ణానికి జీవించే హక్కు లేదు. మొగ్గలు నేడో రేపో విచ్చుకునేలా ఉన్నాయి కనుక వాయిదాలకు తావు లేదు. విచారణ, తీర్పు, అమలు మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి కనుక అప్పీలుకూ తావు లేదు. ఆ మనిషి మోకాళ్ళ మీద ముందుకు జరిగి, దోషిని మొదలంటా పెరికి, మట్టి దులిపి గంపలో పడేసింది.

ఉద్యానంలో అందరూ ఆమెను తెల్లమ్మ అంటారు. ఎర్రతోట, పసుపుతోట, సువాసనల తోట, వాటి అవతల జింకల ఆవరణ, నెమళ్ళ పంజరం, తాబేళ్ళ మడుగు గల ఆ సువిశాల సామ్రాజ్యంలో కలుపు తీసేవాళ్ళకు కొదవ లేదు. కానీ వాళ్ళు తీసేది గడ్డి. పువ్వును పూసినందుకు శిక్షించే అధికారం ఒక్క తెల్లమ్మదే. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, అందరూ వద్దన్న ఈ తోటను ఆమెకు అంటగట్టారు. తేనెటీగలు పక్క తోటలనుంచి పుప్పొడి మోసుకొచ్చి గుట్టుచప్పుడు కాకుండా రాజద్రోహం నాటి పోయేవి. ఆమెకు పంతం పుట్టింది. బాలింతగా ఉన్నప్పుడు కూడా పసిపిల్లను గంపలో పడుకోబెట్టి మడిలోకి దిగింది. ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్ళో కాపురం చేసుకుంటూ, గుమ్మం ముందు రంగురంగుల పూలు పెంచుతోంది. అది తనమీద కక్షతోనే అని తెల్లమ్మ అనుమానం.

ఈరోజు ఆమెకు కుదురు లేదు. ఒక మొక్క పీకగానే లేచి నిలబడుతుంది, జింకల ఆవరణ వైపు చూస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. సాయంత్రం లారీలో అక్కడ మిగిలిన ఒకే ఒక్క ముసలి మగజింకను దూరపు ఉద్యానానికి పంపుతున్నారు. అది తనను సాకే జింకలాయన చేతిమీదుగా తప్ప మేత ముట్టదు. అందువల్ల కార్యాలయంవారు జింకతోపాటు వెళ్ళవలసిన సామగ్రిగా జింకలాయనను కూడా బదిలీ చేశారు. అతను తెల్లమ్మ మొగుడు.

నువ్వూ వస్తావా అని అతను మొన్న అన్నం తింటూ అడిగాడు. చూద్దాం అంది. మళ్ళీ అడగలేదు. జింకను బతిమాలినట్టు మనుషులను బతిమాలే అలవాటు అతనికి లేదు. అక్కడ తెల్లతోట లేదు. ఇక్కడ ఆమె వీపు తిప్పిందా, వారం తిరక్కుండా రంగులు దండెత్తి వస్తాయి, జనం నవ్విపోతారు, పెద్దాఫీసరు తల పట్టుకుంటాడు. రాజ్యాన్ని అనాథను చేసి ఒక జింక వెనక ఎలా పోవడం?

పొదలకంచె మీదుగా ఎర్రతోటలోని ఆడపడుచు తల పైకి లేచింది.

"ఏం వదినా, మూట కట్టావా?"

"ఏం మూట?"

"నువ్వు రాకపోతే మా అన్నయ్య ఆ జింకతోనే కాపురం పెట్టేలా ఉన్నాడు."

"ఎప్పుడో పెట్టాడులే. అది దగ్గితే ఉలిక్కిపడి లేస్తాడు. నేను దగ్గితే అటు తిరిగి పడుకుంటాడు."

"అయితే నువ్వూ ఓసారి జింకలా దగ్గి చూడు."

తెల్లమ్మ నవ్వబోయి జింక వైపు చూసింది. చేతులు మాత్రం ఆగలేదు. చూపు ఆవరణ మీద ఉండగానే అవి కణుపులు తడిమాయి, పెరికాయి, దులిపాయి, గంపలో వేశాయి.

మధ్యాహ్నం కంచె దగ్గరికి వెళ్ళింది. జింకలాయన చెక్కపెట్టెలో ఎండుగడ్డి పరుస్తున్నాడు. జింక లోపలికి రానని మొండికేస్తే, భయం లేదని చూపడానికి తనే నడుము వంచి అందులో దూరి కూర్చున్నాడు. అక్కడినుంచే ఆమెను తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఈ మాటలను జింక ఒక్కటే పెద్దమనిషి తరహాగా వింది.

పొద్దు వాలేసరికి చంద్రకాంతలు విచ్చుకున్నాయి. నీళ్ళగొట్టం పట్టుకొచ్చిన తెల్లమ్మ ఆగిపోయింది. మూడో మడి నిండా గులాబీరంగు, ఎరుపు, చారలు. గంప తిరగేసింది. వడలిన మొక్కల్లో పొద్దున్నే పీకిన కొన్ని తప్ప అన్నింటి కణుపులూ లేతపచ్చగా ఉన్నాయి. ధర్మాసనం పొద్దుటినుంచీ నిర్దోషులను ఉరితీసి, దోషులను సగౌరవంగా విడుదల చేసింది.

అప్పటికే జనం మూగి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళ వెనక పెద్దాఫీసరు. తెల్లమ్మ కాలితో గంపను పొద చాటుకు నెట్టింది.

"ఈ మడి నువ్వు చేసిందేనా?"

"నేనేనండి."

"బాగుందమ్మా. ఇన్నాళ్ళూ ఆసుపత్రిలా ఉండేది. మిగతా మడులు కూడా ఇలాగే రానియ్. ఇంక పీకే పని పెట్టుకోకు."

ఆయన నెమళ్ళ వైపు సాగిపోయాడు. తిట్టి ఉంటే ఆమె ఎదురు చెప్పేది, కనీసం ఏడ్చేది. ఆయన మెచ్చుకున్నాడు. ఒక సామ్రాజ్యం చిరునవ్వుతో రద్దయింది. జనం దాని సమాధి ముందు పిల్లలను నిలబెట్టి, నవ్వమని ఫోటోలు తీస్తున్నారు.

చేతులకు ఏం చెయ్యాలో తెలియలేదు. తర్వాత కొళాయి కట్టేసి నడిచింది, నడక పరుగైంది. లారీ ఇంజను అప్పటికే మొదలైంది. వెనక, పెట్టె సందుల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి జింకలాయన కూర్చున్నాడు. తెల్లమ్మ మట్టికాలు ఎత్తి లారీ అంచు మీద పెట్టింది.

"కాస్త జరుగు."

అతను జరిగి, చెయ్యందించాడు. "గుడ్డలు?"

"నీ చెల్లెలు పంపిస్తుందిలే."

"మరి తోట?"

"ఆసుపత్రట."

అతనికి అర్థం కాలేదు. ఆమె అలిగి ఎక్కిందో, ఆశపడి ఎక్కిందో ఆ క్షణాన ఆమెకే తెలియదు. పెట్టెలో జింక దగ్గింది. ఇద్దరూ ఒక్కసారే అటు తిరిగారు. లారీ గేటు దాటింది.

వీడ్కోలుకు ఎవరూ రాలేదు. కాపలావాడు వచ్చి, లోపలికి చూడకుండానే జింకల ఆవరణకు గొళ్ళెం పెట్టి వెళ్ళాడు. లోపల గుంజకు తీగతో వేలాడుతున్న ఉప్పుగడ్డ, జింక ఏళ్ళ తరబడి నాకడంతో దోసిలిలా పల్లమైపోయి, ఆ మసకలో తెల్లగా, ఇంకా కాస్త తడిగా ఉంది.